పన్నెండు గోత్రాల తండ్రి యాకోబు

ఇశ్రాయేలు అనగానే మనకు ఒక దేశం, ఒక జనాంగం గుర్తుకొస్తాయి. కానీ అది మొదట ఒక మనిషి పేరు. వయసు మళ్లాక, ఒక రాత్రి, ఏటి ఒడ్డున, తొడగూడు వసిలిన నొప్పితో పాటు ఆయనకు ఆ పేరు దొరికింది. అంతకుముందు ఆయన యాకోబు. ఆయనకు పన్నెండుమంది కుమారులు. వాళ్ల పేర్లే తరువాత పన్నెండు గోత్రాల పేర్లయ్యాయి. సండే స్కూల్లో ఆ పేర్లను వరుసగా వల్లెవేసిన వాళ్లమే మనలో చాలామందిమి. కానీ ఆ పేర్ల వెనుక ఉన్న ఇంటినీ, ఆ ఇంట్లోని కన్నీళ్లనూ ఎంతమందిమి గమనించాం?

మన ప్రాంతం వాళ్లం ఈ సంగతి తెలుసుకోవడానికి మరో కారణం కూడా ఉంది. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లే దారిలో చేబ్రోలు వస్తుంది. తెనాలికి కూడా అది దూరమేమీ కాదు. ఆ చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో కొద్ది పదుల కుటుంబాలవారు తాము యాకోబు మనుమడైన ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకుంటారు. తమను బెనె ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము పిల్లలు అని పిలుచుకుంటారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. వాళ్ల మాటను తేలిగ్గా కొట్టిపారేయడానికైనా, గుడ్డిగా ఒప్పుకోవడానికైనా ముందు, అసలు ఈ గోత్రాలు ఎక్కడ మొదలయ్యాయో తెలుసుకోవాలి. అందుకే ఈ వారం మనం యాకోబు జీవితాన్ని మొదటినుంచి చూద్దాం.

ఇస్సాకు, రిబ్కాలకు పెళ్లయిన ఇరవై ఏళ్ల తరువాత కవల పిల్లలు పుట్టారు. మొదట వచ్చినవాడు ఏశావు. రెండోవాడు అన్న మడిమెను పట్టుకుని బయటికొచ్చాడు. అందుకే అతనికి యాకోబు అని పేరు పెట్టారు. హెబ్రీ భాషలో ఆ పేరులో మడిమె అన్న మాట వినిపిస్తుంది. ఇంకొకరి చోటును లాక్కునేవాడు, మోసగాడు అనే అర్థమూ ధ్వనిస్తుంది. అమ్మ కడుపులోంచి బయటపడుతూనే ఒక ముద్ర పడిపోయింది. యాకోబు కూడా చాలాకాలం ఆ ముద్రకు తగ్గట్టే బతికాడు. ఆకలితో వచ్చిన అన్నకు, మన తెలుగు బైబిలు చెప్పినట్టు చిక్కుడుకాయల వంటకం పెట్టి, జ్యేష్ఠత్వపు హక్కును రాయించుకున్నంత పని చేశాడు. చూపు మందగించిన తండ్రి ముందు అన్న బట్టలు కట్టుకుని, చేతులకు మేకపిల్లల తోలు చుట్టుకుని నిలబడి, అన్నకు రావలసిన దీవెన తాను పొందాడు. ఉపాయం చెప్పింది తల్లి, నడిపించింది కొడుకు.

దీవెన దొరికింది గానీ ఇల్లు దొరకలేదు. ఏశావు చంపుతాడన్న భయంతో బెయేర్షెబా విడిచి పారిపోవలసి వచ్చింది. కొద్దిరోజుల్లో పిలిపించుకుంటానన్న తల్లి మళ్లీ కొడుకు ముఖం చూసినట్టు బైబిలులో ఎక్కడా లేదు. బైబిలులోని వయసుల లెక్కలు కలిపి చూస్తే అప్పటికి యాకోబు వయసు సుమారు 77 ఏళ్లు. చేతిలో ఉన్నది కర్ర ఒక్కటే. లూజు దగ్గర రాయిని తలగడగా పెట్టుకుని పడుకున్న ఆ రాత్రి, భూమి నుంచి ఆకాశానికి నిచ్చెన, దానిమీద ఎక్కుతూ దిగుతూ ఉన్న దేవదూతలు కలలో కనిపించారు. ఆ చోటికి బేతేలు, అంటే దేవుని ఇల్లు అని పేరు పెట్టాడు. మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. దేవుడు ఆ రాత్రి అతని తప్పులను ఏకరువు పెట్టలేదు. తోడుగా ఉంటానని, తిరిగి తీసుకొస్తానని మాటిచ్చాడు. శిక్ష పడలేదనుకుంటే మాత్రం పొరపాటు. అది హారానులో, మేనమామ ఇంట్లో కాచుకుని ఉంది.

మేనమామ లాబాను చిన్న కూతురు రాహేలును ప్రేమించి, ఆమె కోసం ఏడేళ్లు గొర్రెలు కాచాడు యాకోబు. పెళ్లిరాత్రి చీకట్లో, ముసుగు చాటున వచ్చింది పెద్ద కూతురు లేయా. తెల్లవారితే గానీ తెలియలేదు. చూపులేని తండ్రి ముందు అన్నలా నటించినవాడికి, చీకట్లో చెల్లెలి చోటుకు అక్క వచ్చింది. చిన్నదానికి ముందు పెద్దదాని పెళ్లి కావాలన్నది తమ ఊరి ఆచారమని మామ చెప్పాడు. పెద్దవాణ్ని వెనక్కి నెట్టి వచ్చినవాడికి ఆ మాట ఎక్కడ తగిలిందో మనం ఊహించుకోవచ్చు. రాహేలు కోసం మరో ఏడేళ్లు, మందల కోసం ఇంకో ఆరేళ్లు, మొత్తం ఇరవై ఏళ్లు అక్కడే గడిచాయి. ఆ కాలంలో జీతం పదిసార్లు మార్చాడా మామ.

గోత్రాలు పుట్టింది ఆ ఇంట్లోనే. ఒక జనాంగం పుట్టుకను చెప్పేటప్పుడు లోకంలో సాధారణంగా వీరుల కథలుంటాయి. బైబిలు మాత్రం ఇద్దరు అక్కచెల్లెళ్ల పోరునూ, ఇద్దరు దాసీల మౌనాన్నీ మన ముందుంచింది. పిల్లలకు పెట్టిన పేర్లు చూడండి. భర్త ప్రేమకు నోచుకోని లేయా తన బాధను దేవుడు చూశాడని రూబేను అనీ, విన్నాడని షిమ్యోను అనీ, ఇప్పుడైనా భర్త తనతో హత్తుకుంటాడని లేవి అనీ పిలుచుకుంది. నాలుగోవాడి దగ్గరికి వచ్చేసరికి ఆమె భర్త వైపు చూడడం మానేసింది. దేవుణ్ని స్తుతిస్తూ యూదా అంది. రాహేలు తన దాసి బిల్హాకు పుట్టినవాళ్లకు తీర్పును బట్టి దాను అనీ, పోరాటాన్ని బట్టి నఫ్తాలి అనీ పేర్లు పెట్టింది. లేయా దాసి జిల్పాకు గాదు, ఆషేరు పుట్టారు. ఒకటి అదృష్టం, రెండోది ధన్యత. తరువాత లేయాకు ఇశ్శాఖారు, జెబూలూను, కుమార్తె దీనా పుట్టారు. చాలా ఏళ్ల ఎదురుచూపు తరువాత రాహేలుకు యోసేపు పుట్టాడు. మరొకణ్ని కూడా దేవుడు ఇవ్వాలన్న ఆశ ఆ పేరులో ఉంది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. పన్నెండుమందిలో నలుగురు దాసీల కుమారులు. ఆనాటి లోకరీతి ప్రకారం వాళ్లు ఇంట్లో ఒక మెట్టు కింద ఉండవలసినవాళ్లు. అబ్రాహాము ఇంట్లో దాసి హాగరు కొడుకు ఇష్మాయేలును బయటికి పంపిన చరిత్ర ఉండనే ఉంది. యాకోబు ఇంట్లో ఆ పని జరగలేదు. దాను, నఫ్తాలి, గాదు, ఆషేరు గోత్రాలకు మిగిలినవాటితో పాటే స్వాస్థ్యం దొరికింది. ప్రధాన యాజకుడి రొమ్ముపతకంలో పన్నెండు రత్నాలుండేవి. దాసీల పిల్లల పేర్లు చెక్కడానికి గులకరాళ్లు వాడలేదు. వాళ్లవీ రత్నాలే. అందరి పేర్లూ ఒకే గుండెమీద దేవుని సన్నిధికి వెళ్లేవి.

ఇరవై ఏళ్ల తరువాత భార్యలు, పిల్లలు, మందలతో యాకోబు తిరుగు ప్రయాణమయ్యాడు. ఏశావు నాలుగువందల మందితో ఎదురొస్తున్నాడని కబురొచ్చింది. మందలను కానుకలుగా ముందు పంపి, కుటుంబాన్ని యబ్బోకు రేవు దాటించి, తాను ఒంటరిగా మిగిలిపోయాడు. ఆ రాత్రి ఒక మనుష్యుడు తెల్లవారేదాకా అతనితో పెనుగులాడాడు. దీవిస్తే తప్ప వదలనన్న యాకోబును ఆయన పేరేమిటని అడిగాడు. ఈ ప్రశ్న చిన్నది కాదు. ఇంతకుముందు తండ్రి ఇదే ప్రశ్న అడిగితే ఏశావునని చెప్పి దీవెన కొట్టేశాడు. ఈసారి నిజం చెప్పక తప్పలేదు. తన పేరు తాను ఒప్పుకున్నాక కొత్త పేరు దొరికింది. ఇశ్రాయేలు, దేవునితో పోరాడినవాడు. ఆ చోటికి పెనూయేలు అని పేరు. దేవుని ముఖం అని దానికి అర్థం. తెల్లవారి సూర్యుడు ఉదయించేసరికి ఆయన కుంటుతున్నాడు. ఆ కుంటుతోనే అన్న ముందు ఏడుసార్లు వంగి నమస్కరించాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఏడ్చారు.

కొత్త పేరు వచ్చినంత మాత్రాన కష్టాలు ఆగలేదు. షెకెములో దీనాకు అవమానం జరిగింది. దానికి షిమ్యోను, లేవి మోసంతో, కత్తితో పగ తీర్చుకున్నారు. బేత్లెహేముకు వెళ్లే దారిలో రాహేలు ప్రసవవేదనతో చనిపోయింది. చనిపోతూ ఆమె బిడ్డను తన దుఃఖపుత్రుడన్న అర్థం వచ్చేలా బెనోని అంది. తండ్రి ఆ పేరు ఉంచలేదు. కుడిచేతి కుమారుడన్న అర్థంతో బెన్యామీను అన్నాడు. పేరు మనిషికి ఎంత బరువవుతుందో యాకోబుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? పెద్దవాడు రూబేను బిల్హా విషయంలో తండ్రి పరువు తీసి జ్యేష్ఠత్వం పోగొట్టుకున్నాడు. పక్షపాతం అనే పాత జబ్బు మాత్రం యాకోబును వదల్లేదు. యోసేపుకు కుట్టించిన విచిత్రమైన అంగీ అన్నల కళ్లల్లో కారం కొట్టింది. పదిహేడేళ్ల తమ్ముణ్ని ఇరవై తులాల వెండికి అమ్మేసి, ఆ అంగీని మేకపిల్ల రక్తంలో ముంచి తండ్రి ముందు పడేశారు. ఒకప్పుడు మేకపిల్లల తోలుతో తండ్రిని మోసగించినవాణ్ని, అతని కొడుకులు మేకపిల్ల రక్తంతో మోసగించారు.

ఆ తరువాత కథ మనకు తెలిసిందే. కరవు వచ్చింది. ఐగుప్తులో అధిపతి అయిన యోసేపు బతికే ఉన్నాడని తెలిసింది. మొత్తం డెబ్బైమంది అనిపించుకున్న ఆ కుటుంబం గోషెనులో కాపురం పెట్టింది. 130 ఏళ్ల వయసులో ఫరో ముందు నిలబడ్డ యాకోబు, తన దినాలు కొద్దివనీ, కష్టమైనవనీ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. మరో పదిహేడేళ్లు బతికాడు. యోసేపు ఆయన చేతిలో పెరిగిందీ పదిహేడేళ్లే, చివరికి ఆయన్ని పోషించిందీ పదిహేడేళ్లే.

మరణం దగ్గరపడ్డప్పుడు ఆయన చేసిన ఒక పనివల్లే ఎఫ్రాయిము గోత్రం ఏర్పడింది. యోసేపు ఇద్దరు కుమారులు మనష్షే, ఎఫ్రాయిము. తల్లి ఆసెనతు ఐగుప్తీయురాలు, ఓను పట్టణపు యాజకుడి కూతురు. పరదేశంలో, పరదేశి తల్లికి పుట్టిన ఆ ఇద్దరినీ యాకోబు మనుమలుగా కాక తన సొంత కుమారులుగా లెక్కవేసుకున్నాడు. దీవించేటప్పుడు చేతులు అడ్డంగా మార్చి, చిన్నవాడైన ఎఫ్రాయిము తలమీద కుడిచెయ్యి పెట్టాడు. యోసేపు సరిచేయబోయినా వినలేదు. కళ్లు కనబడని తండ్రిని ఏమార్చి దీవెన పొందినవాడు, తన కళ్లు మసకబారిన రోజున తెలిసే, ఇష్టపడే, చిన్నవాణ్ని దీవించాడు. ఈసారి మోసం లేదు. యోసేపుకు రెండు భాగాలు రావడంతో, భూస్వాస్థ్యం లేని లేవీయులను పక్కనపెట్టినా గోత్రాలు పన్నెండే అయ్యాయి. బైబిలులో గోత్రాల పట్టికలు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా కనిపించడానికి ఇదొక కారణం. యాకోబు 147 ఏళ్లకు చనిపోయాడు. మక్పేలా గుహలో ఆయన్ని పాతిపెట్టారు. ఆయన పక్కన ఉన్నది రాహేలు కాదు, ప్రేమకు నోచుకోని లేయా.

ఐగుప్తు విడిచాక సీనాయి అరణ్యంలో జరిగిన మొదటి జనసంఖ్యలో యుద్ధానికి వెళ్లగలిగిన పురుషులు 6,03,550 మంది అనీ, అందులో ఎఫ్రాయిము గోత్రంవారు 40,500 మంది అనీ సంఖ్యాకాండం చెబుతుంది. యెహోషువ ఆ గోత్రంవాడే. బైబిలు బయట ఇశ్రాయేలు పేరు కనిపించే అతి పాత ఆధారంగా ఎక్కువమంది పండితులు ఒప్పుకునేది ఐగుప్తు రాజు మెర్నెప్తా వేయించిన శిలాశాసనం. అది సుమారు క్రీ.పూ. 1208 నాటిది. గోత్రాలు ఎలా ఏర్పడ్డాయన్న దానిమీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. కనానుకు బయటినుంచి వచ్చినవాళ్లూ, అక్కడి కొండసీమలో కొత్త ఊళ్లు కట్టుకున్నవాళ్లూ కలిసి ఒక జనాంగమయ్యారనేవాళ్లున్నారు. ఒక సంగతి మాత్రం బైబిలు తానే దాచకుండా చెప్పింది. ఐగుప్తునుంచి బయలుదేరినప్పుడు అనేకులైన అన్యజనుల సమూహం వాళ్లతో కలిసి వచ్చింది. కెనెజీయుడైన కాలేబు యూదా గోత్రంలో పెద్దయ్యాడు. షిమ్యోను కొడుకుల్లో ఒకడి తల్లి కనానీయురాలు. మోయాబీయురాలైన రూతు దావీదుకు ముత్తవ్వ. గోత్రమంటే కలుషితం కాని రక్తం అన్న ఊహకు బైబిలులో చోటు దొరకదు. అది ఒక దేవుని నిబంధన కిందికి వచ్చి, ఒక ఇంటివాళ్లుగా లెక్కించబడినవారి వరుస.

సొలొమోను తరువాత రాజ్యం రెండుగా చీలింది. ఉత్తరాన పది గోత్రాలకు మొదటి రాజైన యరొబాము ఎఫ్రాయిమీయుడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరీయుల చేతిలో షోమ్రోను పడిపోయింది. ఆ ప్రజల్లో ఎంతోమందిని చెరపట్టి తీసుకెళ్లారు. తప్పిపోయిన పది గోత్రాలన్న మాట అక్కడినుంచి పుట్టింది. లోకంలో ఎన్నో జాతులవారు తామే ఆ గోత్రాలవారమని చెప్పుకున్నారు. మణిపూర్, మిజోరంలలోని బెనె మనష్షే వారిని ఇశ్రాయేలులో ప్రధాన రబ్బీలలో ఒకరైన శ్లొమో అమర్ 2005లో తప్పిపోయిన గోత్రపు సంతతిగా గుర్తించారు. వాళ్లలో వేలమంది ఇశ్రాయేలుకు వెళ్లి స్థిరపడ్డారు.

మన కొత్తరెడ్డిపాలెం వారికి అలాంటి గుర్తింపు రాలేదు. శామ్యూల్ యాకోబి, సదోక్ యాకోబి అనే అన్నదమ్ములు అక్కడి కుటుంబాలకు ముందు నిలిచారు. 1991లో అక్కడ సమాజమందిరం ఏర్పడింది. అంతకుముందు వాళ్లు మన బాప్టిస్టు సంఘాల్లోని మాదిగ కుటుంబాలవారే. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్లమధ్య ఉండి అధ్యయనం చేసి 2013లో ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్ల వంశావళి నిజమా కాదా అని తీర్పు చెప్పడం మన పని కాదు. దానికి రాతప్రతుల రుజువేదీ లేదన్నది ఎంత నిజమో, ఊరి చివర బతికినవాళ్లు తమకూ ఒక గౌరవమైన పూర్వచరిత్ర ఉందని వెతుక్కోవడం అంతే నిజం. మన సంఘాలు వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. దేవుని పిల్లలమన్న పేరు మన మధ్య వాళ్లకు నిజంగా దక్కి ఉంటే, ఎఫ్రాయిము పిల్లలమన్న పేరు అంత అవసరమయ్యేదా?

పుట్టుకతో ముద్ర వేయడం మనకు కొత్త కాదు. బాపట్ల, చీరాల మధ్య ఉన్న స్టూవర్టుపురం సంగతి చూడండి. బ్రిటిషు కాలపు నేరస్థ జాతుల చట్టం పుట్టిన బిడ్డను కూడా పుట్టిన కులాన్ని బట్టి అనుమానితుడిగా చూసింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చి, ఆ సెటిల్‌మెంటు నిర్వహణను రక్షణ సైన్యానికి అప్పగించారు. స్వతంత్రం వచ్చాక 1952లో చట్టం రద్దయింది. పేరుకు అంటిన మచ్చ అంత తొందరగా పోలేదు. చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్లను కూడా ఊరి పేరు చాలాకాలం వెంటాడింది. మోసగాడన్న అర్థం వచ్చే పేరుతో పుట్టిన యాకోబుకు దేవుడు కొత్త పేరిచ్చాడని మనం ఆదివారం చెబుతాం. సోమవారం మాత్రం మనిషిని పాత పేరుతోనే పిలుస్తాం.

తెలుగు బైబిలు అనువాదకులు ఈ వంశాలకు గోత్రం అన్న మాటనే వాడారు. ఆ మాట వినగానే మనకు పెళ్లిసంబంధాలు గుర్తుకొస్తాయి. 1842లో ఫాదర్ హయ్యరు గుంటూరు వచ్చిన నాటినుంచి తెనాలి, రేపల్లె లూథరన్ సంఘాలు, బాపట్ల బాప్టిస్టు సంఘాలు, రక్షణ సైన్యం బడులు, ఆసుపత్రులు ఎంతో మేలు చేశాయి. చదువు ఇచ్చాయి, తలెత్తుకు తిరిగే ధైర్యం ఇచ్చాయి. అయినా ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన మోకరించిన కుటుంబాలు, పిల్లల పెళ్లి మాట వచ్చేసరికి విశ్వాసం సంగతి తరువాత, ముందు ఏమిట్లన్నది చూస్తున్నాయి. మాల పల్లెకు ఒక గుడి, మాదిగ పల్లెకు ఒక గుడి ఉన్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. దాసీల పిల్లలను కూడా ఒకే రొమ్ముపతకంలో మోసిన దేవునికి మనం ఏం జవాబు చెబుతాం?

కొత్త నిబంధన గోత్రాలను మరిచిపోలేదు. ప్రేమకు నోచుకోని లేయా కడుపున పుట్టిన యూదా గోత్రంలో రక్షకుడు జన్మించాడు. రాహేలు ప్రాణం తీసిన బెన్యామీను గోత్రంలోంచి పౌలు వచ్చాడు. అంతకన్నా ముందు, దేవాలయంలో బాలయేసును గుర్తుపట్టిన ముసలి విధవరాలు అన్న ఏ గోత్రమో లూకా ప్రత్యేకంగా రాశాడు. ఆమె ఆషేరు గోత్రికురాలు. దాసి జిల్పా కొడుకు గోత్రం. తప్పిపోయాయని లోకం అనుకున్న ఉత్తరదేశపు గోత్రాల్లో ఒకటి. ఆమె తండ్రి పేరు పనూయేలు. యాకోబు కుంటుతూ బయటికొచ్చిన ఆ చోటి పేరే. మనుషుల లెక్కలో తప్పిపోయినవాళ్లు దేవుని లెక్కలో తప్పిపోలేదు. ప్రకటన గ్రంథంలో కొత్త యెరూషలేముకు పన్నెండు గుమ్మాలున్నాయి, వాటిమీద పన్నెండు గోత్రాల పేర్లున్నాయి. దాసీల పిల్లల కోసం అక్కడ పెరటిగుమ్మం పెట్టలేదు.

హెబ్రీలో గోత్రానికి వాడే రెండు మాటలకూ కర్ర అనే అర్థం కూడా ఉంది. కర్ర ఒక్కటే పట్టుకుని యొర్దాను దాటిన యాకోబు, చివరి రోజున చేతికర్ర మొనమీద ఆనుకుని దేవునికి మొక్కాడని హెబ్రీ పత్రిక చెబుతుంది. ఆ కర్ర ఎదుటివాణ్ని తరమడానికి పట్టుకున్నది కాదు, కుంటేవాడు నిలబడడానికి పట్టుకున్నది. మన వంశం, మన సంఘం పేరు, మన తాతల సాక్ష్యం కూడా మన చేతిలో అలాంటి కర్రలే. వాటితో పక్కవాణ్ని అదిలిస్తున్నామా, లేక వాటిమీద ఆనుకుని దేవునికి మొక్కుతున్నామా? ఈ ఆదివారం ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లేముందు మన ఇళ్లల్లోనే ఈ ప్రశ్న వేసుకుందాం. పక్కన మోకరించిన వ్యక్తి ఏ పల్లెనుంచి వచ్చినా, మన తండ్రి ఇంట్లో మనతో సమానమైన స్వాస్థ్యం ఉన్నవాడేనని ఒప్పుకుని లేద్దాం.